చప్పట్లు ఆగిన చోటు: అంబేద్కర్ 1949 నవంబరు 25 ప్రసంగాన్ని విప్పి చూస్తే

రాజ్యాంగ సభ చర్చల అధికారిక నివేదికలో 1949 నవంబరు 25 నాటి పుటలు తిరగేస్తే ఒక వాక్యం చివర, బ్రాకెట్లలో, సభ్యులు హర్షధ్వానాలు చేశారన్న గుర్తు కనిపిస్తుంది. రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడు డాక్టర్ అంబేద్కర్ అప్పటికి చాలాసేపటి నుంచీ మాట్లాడుతున్నారు. ముసాయిదా తయారీ లెక్కలు అప్పజెప్పారు, విమర్శలకు బదులిచ్చారు, పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. "ఇక్కడితో ముగించవచ్చు" అని, ముగించకుండా, "1950 జనవరి 26న భారతదేశం స్వతంత్ర దేశం అవుతుంది" అన్నారు. సభ హర్షించింది. మరుక్షణమే ఆయన అడిగారు: "ఆ స్వాతంత్ర్యం ఏమవుతుంది? నిలబెట్టుకుంటుందా, మళ్లీ పోగొట్టుకుంటుందా?"

కొంతసేపటికి అదే తేదీ మళ్లీ వచ్చింది. ఇంకొంతసేపటికి మూడోసారి వచ్చింది: "1950 జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెట్టబోతున్నాం." ఈ వాక్యం పక్కన హర్షధ్వానాల గుర్తు లేదు.

ఆ మొదటి వాక్యానికీ ఈ మూడో వాక్యానికీ మధ్య సభలో ఏం జరిగిందో చెప్పగలిగితే, రాజకీయ ప్రసంగంలో అలంకారాలను గుర్తించడం ఎలాగో చాలావరకు తెలిసినట్టే.

పదో తరగతి తెలుగు పేపరు రాసినవాళ్లకు "కింది వాక్యంలోని అలంకారాన్ని గుర్తించి లక్షణ సమన్వయం చేయండి" అన్న ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ఉపమానం ఇది, ఉపమేయం ఇది, సమాన ధర్మం ఇది, కాబట్టి ఉపమాలంకారం. మార్కులు పడిపోయేవి. ప్రసంగం దగ్గర ఆ పద్ధతి సగం దూరమే తీసుకెళుతుంది. పేరు పెట్టాక అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఈ మాట రాకముందు సభ ఏ మనఃస్థితిలో ఉంది? వచ్చాక ఎటు జరిగింది? ఈ మాటను తీసేసి విషయాన్ని పొడిగా చెబితే వాదనలో ఏం మిగులుతుంది, ఏం రాలిపోతుంది? నా దృష్టిలో అలంకారాన్ని గుర్తించడమంటే ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పడమే. అంబేద్కర్ ప్రసంగం ఇందుకు మంచి పాఠ్యం. అందులో నినాదాలు తక్కువ, తర్కం ఎక్కువ. అలంకారాలు తర్కం లోపల దాక్కుని ఉంటాయి. ఆయన ఇంగ్లీషులో మాట్లాడారు కనుక ఇక్కడి ఉల్లేఖనలన్నీ నా తెలుగులో ఉంటాయి.

ఒకే తేదీ, మూడుసార్లు

వాక్యాల మొదట్లో ఒకే మాట పదేపదే రావడాన్ని గ్రీకుల కాలం నుంచీ అనాఫొరా అంటున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ 1963లో వాషింగ్టన్‌లో "నాకొక కల ఉంది" అని వరసగా అన్నది ఇదే. అక్కడ వాక్యం వెనకే వాక్యం వస్తుంది, ప్రతి వాక్యం జనాన్ని ఇంకొంచెం పైకి లేపుతుంది.

అంబేద్కర్ పునరుక్తి అలా లేదు. జనవరి 26 అన్న మాట పేరాల దూరంలో వస్తుంది. మొదటిసారి స్వాతంత్ర్యం, ఆ వెంటనే సందేహం. రెండోసారి ప్రజాస్వామ్యం, ఆ వెంటనే అదే సందేహం, దాదాపు అవే మాటల్లో: నిలుపుకుంటామా, మళ్లీ పోగొట్టుకుంటామా? రెండుసార్లు వినేసరికి చెవికి ఒక అచ్చు అలవాటవుతుంది. తేదీ వినగానే ఒక శుభవార్త, దాని వెనకాల ఒక హెచ్చరిక. మూడోసారి తేదీ వచ్చింది, శుభవార్త రాలేదు. శుభవార్త ఉండవలసిన చోట వైరుధ్యం కూర్చుంది. "రాజకీయాల్లో మనకు సమానత్వం ఉంటుంది, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటుంది."

ఇక్కడ పునరుక్తి ఉత్సాహం పెంచడానికి రాలేదు. శ్రోతకు ఒక అలవాటు చేసి, ఆ అలవాటును తెంచడానికి వచ్చింది. ఒక్కో వాక్యాన్నే పట్టుకుని చదివితే ఇది కంటబడదు. మొత్తం పాఠం మీద పెన్సిల్ పెట్టి, తిరిగి వచ్చిన మాటల కింద గీతలు గీయాలి. ఆ వరస ఎక్కడ తెగిందో చూడాలి. వక్త చెప్పదలచుకున్న అసలు సంగతి చాలాసార్లు ఆ తెగిన చోటే దొరుకుతుంది.

దాని వెంటే వచ్చే వాక్యం ఇంకా పదునైనది. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ అన్న సూత్రాన్ని ఒప్పుకుంటాం, సామాజిక, ఆర్థిక జీవితంలో మాత్రం ఒక మనిషికి ఒకే విలువ అన్న సూత్రాన్ని నిరాకరిస్తూనే ఉంటాం అన్నారు. పైకి ఇది రెండు వ్యతిరేక విషయాలను ఎదురెదురుగా నిలబెట్టడంలా కనిపిస్తుంది. లోపల ఒక గొలుసు ఉంది: మనిషికి ఓటు, ఓటుకు విలువ, కాబట్టి మనిషికి విలువ. మొదటి రెండు కొక్కేలూ ఒప్పుకున్నవాడు మూడోది ఒప్పుకోక తప్పదు. మన ఆలంకారికులు ఏకావళి అనే వరసకు ఇది దగ్గరి చుట్టం. మొదటి రెండింటికీ ఆ సభ అప్పటికే తలూపింది, రాజ్యాంగంలోనే రాసుకుంది. మూడో కొక్కెం తెగింది సభ బయట, ఊళ్లో, చెరువు గట్టున, గుడి వాకిట్లో. అలంకారం తీసేసి "ఓటు సమానంగా ఇచ్చారు గానీ మనుషుల్ని సమానంగా చూడటం లేదు" అంటే విషయం మిగులుతుంది. "మీరు ఒప్పుకున్న లెక్క ప్రకారమే మీరు తప్పు" అన్న పట్టు పోతుంది.

జవాబు ఉన్న ప్రశ్నలూ లేని ప్రశ్నలూ

ఉపన్యాసాల్లోని ప్రశ్నలన్నిటినీ ఒకే గాట కట్టి "జవాబు ఆశించని ప్రశ్న" అని తీసిపారేయడం చాలామందికి అలవాటు. ఈ ఒక్క ప్రసంగంలోనే కనీసం మూడు జాతుల ప్రశ్నలున్నాయి.

కమ్యూనిస్టులూ సోషలిస్టులూ ఈ రాజ్యాంగాన్ని ఖండిస్తున్నది ఇది నిజంగా చెడ్డది కావడం వల్లేనా అని అడిగి, "కాదు" అని తానే జవాబిచ్చారు. ఇది లాయరు ప్రశ్న. ప్రశ్న తనదే, జవాబూ తనదే కనుక ఎదుటివాడికి సందు దొరకదు. ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు దాన్ని ఎదుటి పక్షం కూడా ఇలాగే అడిగేదా అని చూసుకోవాలి. ఆ పార్టీలైతే ప్రశ్నను కచ్చితంగా వేరేలా పెట్టేవి.

రెండో జాతి: భారతీయులు దేశాన్ని తమ మత విశ్వాసాలకంటే, సిద్ధాంతాలకంటే పైన పెడతారా, లేక వాటినే దేశం పైన పెడతారా? దీనికి ఆయన ఇచ్చిన జవాబు "నాకు తెలియదు." రాజకీయ ప్రసంగాల్లో అంత అరుదైన వాక్యం ఇంకొకటి ఉండదేమో. అయితే అదీ ఒక ఉపాయమే. తెలియదు అని ఒప్పుకున్న మనిషి, వెంటనే "కానీ ఇంతమాత్రం ఖాయం" అంటే ఆ ఖాయానికి బరువు పెరుగుతుంది.

మూడోది "ఎంతకాలం?" ఈ వైరుధ్యాల జీవితం ఎంతకాలం? సమానత్వాన్ని నిరాకరించడం ఎంతకాలం? రెండు ప్రశ్నలు వరసగా వస్తాయి, జవాబు రాదు. ఇదే ప్రశ్న చరిత్రలో ఎన్ని పనులు చేసిందో చూడండి. క్రీ.పూ. 63లో రోమన్ సెనేట్‌లో సిసిరో "కాటలీనా, మా సహనాన్ని ఇంకెంతకాలం దుర్వినియోగం చేస్తావు?" అని అడిగాడు. కుట్ర ఆరోపణ మోస్తున్న కాటలీనా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ ప్రశ్న ఒక్కడి మీదికి చూపిన వేలు. 1965 మార్చి 25న మాంట్‌గొమరీలో కింగ్ "ఎంతకాలం?" అని అడిగి ప్రతిసారీ "ఎంతోకాలం కాదు" అని తానే అందించాడు. ఓటు హక్కు కోసం అలసిపోయి నడిచొచ్చిన జనానికి అది ఊరట. అంబేద్కర్ ప్రశ్న ఎవరి మీదికీ వేలు చూపలేదు, ఎవరికీ ఊరటనివ్వలేదు. జవాబు చెప్పాలంటే ముందు నిరాకరిస్తున్నామని ఒప్పుకోవాలి. అంటే ప్రశ్నలోనే నేరారోపణ ఇమిడి ఉంది. లక్షణం ఒక్కటే, మూడు చోట్లా పని వేరు. పేరుతో ఆగిపోతే ఈ తేడా చేజారిపోతుంది.

మన ప్రాచీనులు దీన్ని కాకువు కింద చెప్పారు. గొంతు మార్పుతో అర్థం మారడం కాకువు. అచ్చులో చదివేవాడికి గొంతు వినబడదు కాబట్టి, ప్రశ్న ముందూ వెనకా ఏముందో చూసి ఊహించుకోవాల్సిందే.

నిరాకరించేది మనం, బాధపడేది వారు

నన్ను ఈ ప్రసంగంలో ఎక్కువగా ఆపేది సర్వనామాలు. "మనం సమానత్వాన్ని నిరాకరిస్తూనే ఉంటాం" అంటున్న మనిషి ఎవరు? జీవితమంతా ఆ నిరాకరణకు గురైన మనిషి. ఆయన "మీరు నిరాకరిస్తున్నారు" అనవచ్చు, "మేము బాధపడుతున్నాం" అనవచ్చు. రెండూ నిజమే అయ్యేవి. అనలేదు. నిరాకరించేవాళ్లలో తననూ కలుపుకుని "మనం" అన్నారు. రెండు వాక్యాల తర్వాత, ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే "అసమానత్వంతో బాధపడేవారు" ఈ సభ ఎంతో శ్రమపడి కట్టిన రాజకీయ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చేస్తారు అన్నారు. తను నిజంగా చెందిన పక్షం "వారు" అయింది.

ఈ తారుమారు ఎందుకు? ముసాయిదా సంఘం అధ్యక్షుడి స్థానంలోంచి చూస్తే "మనం" అంటే రాజ్యాంగాన్ని రాసినవాళ్లు. తప్పు సరిదిద్దే బాధ్యత ఆ సభదే అని చెప్పాలంటే తను సభలో ఒకడిగా నిలబడాలి. "మేము పేల్చేస్తాం" అంటే బెదిరింపు. "వారు పేల్చేస్తారు" అంటే హెచ్చరిక. వాక్యంలోని ప్రమాదం తగ్గలేదు, వక్త మాత్రం దాని పక్కకు జరిగాడు. కానీ ఆయన ఎవరో సభలో అందరికీ తెలుసు. అందుకే ఆ "వారు" చెవిలో "మేము"గానే మోగుతుంది. బెదిరించకుండానే బెదిరింపు బరువంతా వాక్యంలో ఉండిపోయింది.

తెలుగు సభల్లో ఈ ఆట పట్టుకోవడం ఇంకా తేలిక, ఎందుకంటే మన భాష "మనం", "మేము" అని వేరుచేసి చెబుతుంది. నాయకుడు ఎక్కడ "మన రాష్ట్రం, మన పిల్లలు" అంటాడు, ఎక్కడ "మేము తెచ్చాం, మేము కట్టాం" అంటాడు, ఎక్కడ "మీరు ఆశీర్వదించండి" అంటాడు? కష్టం వచ్చిన చోట మనం, ఘనత దగ్గర మేము, ఓటు దగ్గర మీరు. ఏ పార్టీ సభ వీడియో అయినా ఒక పది నిమిషాలు ఈ మూడు సర్వనామాలనే వింటూ చూడండి, విధానాల గురించి చెప్పినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

లెక్కలూ వినయమూ

ప్రసంగం మొదలు చాలామంది దాటేసే భాగం. అక్కడ అంకెలే అంకెలు. 1946 డిసెంబరు 9న సభ తొలిసారి కూడి 2 సంవత్సరాల 11 నెలల 17 రోజులు. 11 సమావేశాలు, 165 రోజులు. అందులో ముసాయిదా మీద చర్చ 114 రోజులు. ముసాయిదా సంఘం కూర్చున్నది 141 రోజులు. ప్రతిపాదనకొచ్చిన సవరణలు సుమారు 7,635, సభలో ప్రవేశపెట్టినవి 2,473. ఇంత ఆలస్యమా అన్న విమర్శకు ఇది జవాబు. అమెరికా నాలుగు నెలల్లో ముగించింది నిజమే, కానీ వాళ్లవి 7 అధికరణలు, మనవి 395, పైగా వాళ్లు సవరణల వరదను ఎదుర్కోలేదు అన్నారు. తొమ్మిదేళ్లు పట్టిన ఆస్ట్రేలియాను కూడా లెక్కలో చేర్చారు. పోలిక పెట్టినప్పుడు ఎవరితో పోలుస్తున్నారన్నదే ఉపాయం. ఆ వరసలో ఆస్ట్రేలియా లేకపోతే ఆలస్యం ఆలస్యంలాగే కనిపించేది.

అంకెల తర్వాత వినయం. షెడ్యూల్డ్ కులాల ప్రయోజనాలు కాపాడటానికి మించిన ఆశ లేకుండా సభకు వచ్చానని, ముసాయిదా సంఘానికి ఎన్నుకున్నప్పుడు ఆశ్చర్యపోయానని, అధ్యక్షుణ్ణి చేసినప్పుడు ఆశ్చర్యాన్ని మించిపోయిందని అన్నారు. తనకంటే పెద్దలు, సమర్థులు ఉన్నారంటూ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు చెప్పారు. నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టిన న్యాయకోవిదుడు ఆయన. రాజ్యాంగ ఘనత కొంత సభ సలహాదారు బి.ఎన్. రావుకూ, ముసాయిదా లేఖకుడు ఎస్.ఎన్. ముఖర్జీకీ చెందాలన్నారు. వక్తలు మొదట్లో తగ్గి మాట్లాడటం పాత సంప్రదాయమే, వాక్శాస్త్ర గ్రంథాలు దీన్ని శ్రోతల మన్నన సంపాదించే మెట్టుగా చెబుతాయి. అయితే ఇక్కడి వినయం ఉత్త మర్యాద కాదు. చివర్లో కఠినమైన మాటలు అనబోయే మనిషి, ముందు తన ఖాతాలో ఘనత ఏదీ దాచుకోకుండా ఇచ్చేశాడు. కాంగ్రెస్ పార్టీ క్రమశిక్షణ వల్లే పని సాగిందని కూడా ఒప్పుకున్నాడు. 1945లో కాంగ్రెస్‌ను ఎండగడుతూ పుస్తకమే రాసిన మనిషి నోట ఆ మాట వచ్చిందంటే, తర్వాత చెప్పేది పాత కోపం అని ఎవరూ కొట్టిపారేయలేరు.

ఈ భాగంలోనే ఒక చమత్కారముంది. నజీరుద్దీన్ అహ్మద్ అనే సభ్యుడు డ్రాఫ్టింగ్ కమిటీని "డ్రిఫ్టింగ్ కమిటీ" అన్నాడు, గాలివాటుకు కొట్టుకుపోయే కమిటీ అని. అంబేద్కర్ ఆ మాటను ఖండించలేదు, తీసుకున్నారు. పరిస్థితి చేతిలో లేకుండా కొట్టుకుపోవడం వేరు, చేతిలో ఉంచుకుని కదలడం వేరు. చేప పడితే పడుతుందిలే అని గాలం వేయలేదు, తెలిసిన నీళ్లలో కావలసిన చేప కోసమే వెతికాం అన్నారు. ఎదుటివాడి మాటనే తీసుకుని వేరే అర్థంలోకి తిప్పడం మన వక్రోక్తి. అసెంబ్లీ చర్చల్లో ఇప్పటికీ ఎక్కువ బతికి ఉన్న అలంకారం బహుశా ఇదే, నాణ్యత సంగతి వేరే.

అరువు తెచ్చుకున్న గొంతులు

ప్రజాస్వామ్యాన్ని నిలుపుకోవాలంటే ఏం చేయాలో చెబుతూ ఆయన చేసిన హెచ్చరికల్లో రెండోది వ్యక్తిపూజ గురించి. దానికి ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌ను పిలిచారు: ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా స్వేచ్ఛను పెట్టవద్దని. తర్వాత ఐరిష్ నేత డానియెల్ ఓకానెల్‌ను పిలిచారు: గౌరవాన్ని పణంగా పెట్టి ఏ పురుషుడూ, శీలాన్ని పణంగా పెట్టి ఏ స్త్రీ, స్వేచ్ఛను పణంగా పెట్టి ఏ జాతీ కృతజ్ఞత చూపలేరని. మూడింటి వరస చెవికి ఎప్పుడూ బాగుంటుంది. మొదటి రెండూ ఒప్పుకుంటే మూడోదానికి తల దానంతటదే ఊగుతుంది. అందుకే మూడింటినీ విడదీసి ఒక్కోటీ విడిగా చదవాలి. పురుషుడికి గౌరవం, స్త్రీకి శీలం అన్న పంపకం విడిగా చదివితే ఈ రోజు గొంతు దిగదు. వరసలో వింటే దిగిపోతుంది. 1949 సభలో ఎవరికీ అది ముల్లులా తగిలి ఉండదు. స్త్రీల ఆస్తి హక్కుల కోసం హిందూ కోడ్ బిల్లును మోస్తున్న న్యాయశాఖ మంత్రి నోటే ఆ ఉల్లేఖన రావడం గమనించదగ్గ సంగతి. అరువు గొంతుతో వచ్చే చిక్కు ఇదే. బలంతోపాటు వాళ్ల కాలం కూడా వెంట వస్తుంది.

ఆ తర్వాతి వాక్యం మాత్రం పూర్తిగా ఆయనదే. మతంలో భక్తి ఆత్మ మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో భక్తి పతనానికీ చివరకు నియంతృత్వానికీ కచ్చితమైన దారి. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉన్నట్టు కనిపిస్తాయి. జాగ్రత్తగా చూస్తే తూకం సమం కాదు. మోక్షం దగ్గర "కావచ్చు", పతనం దగ్గర "కచ్చితమైన". భక్తుల మనసు నొప్పించకుండానే మోక్షం మీద సందేహం అలా అట్టిపెట్టారు. వైరుధ్యం చూపే వాక్యాల్లో నామవాచకాల కంటే ఇలాంటి చిన్న మాటల మీద కన్నేయాలి.

తెలుగు నేల మీద ఈ భక్తి మాటకు వేరే చరిత్ర ఉంది. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టాక "సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు" అన్న నినాదం ఊరూరా మోగింది. రెండు రూపకాలు, ఎవరైనా లక్షణ సమన్వయం చేసేస్తారు. పని ఏమిటంటే భక్తి దిశను తిప్పడం: నాయకుడు దేవుడు కాదు, పూజారి. ఆ మాట అన్నది వెండితెర మీద రాముడిగా, కృష్ణుడిగా ఇళ్లలో పటమైపోయిన నటుడు. మాట ఒక దిక్కుకు, చూపు ఇంకో దిక్కుకు లాగాయి. సభలో ఏది గెలిచిందో ఆనాటి వాళ్లను అడిగితే చెబుతారు.

జాబితాలో ఉన్నదీ లేనిదీ

స్వాతంత్ర్యం ఒకసారి పోయింది మనవాళ్ల ద్రోహం వల్లే అనడానికి అంబేద్కర్ ఉదాహరణల వరస ఇచ్చారు. సింధ్ రాజు దాహిర్ సేనానులు లంచాలు తీసుకున్నారు. జయచంద్రుడు ఘోరీని పిలిచాడు. శివాజీ పోరాడుతుంటే ఇతర మరాఠా సర్దార్లు, రాజపుత్రులు మొగలుల పక్షాన నిలిచారు. సిక్కు రాజ్యం కూలుతుంటే దాని సేనాని గులాబ్ సింగ్ మౌనంగా కూర్చున్నాడు. 1857లో సిక్కులు ప్రేక్షకుల్లా చూశారు. ఆఖర్న ఒక ప్రశ్న: చరిత్ర పునరావృతం అవుతుందా?

ఉదాహరణల వరస పనిచేసేది వినేవాడు తనూ ఒకటి చేర్చుకున్నప్పుడు. ఈ జాబితాలో దక్షిణ దేశం ఊసే లేదు. అయినా చదువుతుంటే తెలుగువాడి నాలుక మీదికి బొబ్బిలి వస్తుంది, 1757లో బుస్సీ ఫ్రెంచి సేనను వెంటబెట్టుకుని విజయనగరం రాజు దండెత్తిన కథ. ఆ క్షణంలో వక్త వాదన మన వాదన అయిపోతుంది. అక్కడే కాసేపు ఆగాలి. ఘోరీని జయచంద్రుడే పిలిచాడన్న కథకు సమకాలీన సాక్ష్యం లేదని చరిత్రకారులు చాలామంది అంటారు. సిక్కు రాజ్యాన్ని 1849లో కలుపుకున్నది ఈస్టిండియా కంపెనీ, ఆ యుద్ధంలో దాని తరఫున పోరాడినవాళ్లలో బెంగాల్ సైన్యపు సిపాయిలున్నారు. ఎనిమిదేళ్లకు ఆ సైన్యమే తిరగబడితే పంజాబ్ దానితో చేయి కలపకపోవడానికి ద్రోహం కాక వేరే కారణాలు కూడా ఉన్నాయి. పైగా చాలామంది సిక్కు సైనికులు బ్రిటిష్ పక్షాన పోరాడారు కూడా, ఉత్త ప్రేక్షకులు కారు. వరసలో పెట్టగానే ఈ తేడాలన్నీ అరిగిపోయి ఐదూ ఒకే రంగులోకి వస్తాయి. ఇది అబద్ధమాడటం కాదు, ఎంపిక. వక్త మీద ఎంత గౌరవమున్నా ఎంపికను ఎంపికగానే చూడాలి.

"అరాచకపు వ్యాకరణం" అన్న మాటకూ ఇదే పరీక్ష పెట్టాలి. రక్తపాత విప్లవ మార్గాలతోపాటు శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహాలను కూడా వదిలేయాలని చెప్పి, వాటికి ఆ పేరు పెట్టారు. వ్యాకరణమంటే కట్టుబాటు, అరాచకమంటే కట్టుబాటు లేకపోవడం. పైకి పొసగని రెంటిని కలిపితే విరోధాభాస. క్రమం తప్పడాన్నే క్రమంగా నేర్పే పద్ధతి అన్న వ్యంగ్యం అందులోంచి వస్తుంది. మహద్‌లో 1927లో చెరువు నీళ్ల కోసం, నాసిక్‌లో 1930లో కాలారామ్ గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహాలు నడిపిన మనిషే ఇది అంటున్నాడు. ఆ ఆక్షేపణ వస్తుందని తెలిసే ముందే ఒక షరతు పెట్టుకున్నాడు: రాజ్యాంగబద్ధమైన దారులు లేనప్పుడు అవి సమర్థనీయం, ఉన్నప్పుడు కాదు. దారులు తెరిచి ఉన్నాయో లేదో తేల్చేదెవరన్న ప్రశ్న ఆ షరతు కింద ఉండిపోయింది. ఆ రోజుల్లోనే తెలంగాణలో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతుల సాయుధ పోరాటం సాగుతోంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది, పోరాట విరమణ 1951 అక్టోబరులో. ఆ పేరు ఆయన ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆ సభలో విప్లవం అన్న మాట గాల్లో తేలే మాట కాదు.

నేల, కట్టడం, రంగు, ఇల్లు

ఒక్కో రూపకాన్నీ విడిగా పట్టుకుంటే ఈ ప్రసంగంలో పెద్ద విశేషాలు దొరకవు. వరసగా పేర్చితే దొరుకుతాయి. కాంగ్రెస్ లేకపోతే ఈ సభ సిమెంటు లేకుండా ఇక్కడో నల్లరాయి అక్కడో తెల్లరాయి పరిచిన నేలలా ఉండేదన్నారు, బ్రిటిష్ పార్లమెంటు వక్త ఎడ్మండ్ బర్క్ వాడిన పోలిక అది. తర్వాత రాజకీయ ప్రజాస్వామ్యం శ్రమపడి కట్టిన కట్టడం అయింది. సౌభ్రాతృత్వం లేని సమానత్వ, స్వేచ్ఛలు పైపూత రంగుకంటే లోతు ఉండవన్నారు. చివర్లో లింకన్ 1858 మాట: చీలిపోయిన ఇల్లు ఎక్కువకాలం నిలవదు. నేల, గోడలు, రంగు, ఇల్లు. కావాలని వేసిన పథకమని నేను చెప్పలేను. కానీ రాజ్యాంగం కట్టడమైతే దానికి పగుళ్లుంటాయి, మరమ్మతు ఉంటుంది, లోపల ఉండాల్సినవాళ్లూ ఉంటారు. అదే రాజ్యాంగాన్ని పవిత్ర గ్రంథంతో పోల్చి చూడండి, ఈ ప్రశ్నలేవీ అడగడానికి వీలుండదు. రూపకం ఏ ప్రశ్నలను రానిస్తుంది, వేటిని గుమ్మంలోనే ఆపేస్తుంది అన్నది దాని పేరుకంటే ముఖ్యం.

ఈ కట్టడంలో ఆఖరి పని లింకన్ ఇంకో మాటతో జరిగింది. రెండో జనవరి 26 దగ్గర, ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కోసం నడిచే ప్రభుత్వం అన్న 1863 గెటీస్‌బర్గ్ మాటను అంబేద్కర్ మూడు ముక్కలూ కలిపే వాడారు. ఎవరికైనా కంఠతా వచ్చే మాట, ఎవరూ ఆగి ఆలోచించని మాట. ప్రసంగం ముగియబోతుండగా దాన్ని విడదీశారు. కాలం మారుతోంది, జనం ప్రజల చేత నడిచే ప్రభుత్వంతో విసిగిపోతున్నారు, ప్రజల కోసం పనిచేస్తే చాలు, అది ప్రజలదా, ప్రజల చేత నడుస్తోందా అన్నది పట్టించుకోవడం లేదు అన్నారు. దాదాపు తొంభై ఏళ్లుగా అతుక్కుని ఉన్న మూడు విభక్తులు అక్కడ ఊడిపోయాయి, ఒకటి మిగతా రెండింటినీ మింగేయగలదని తెలిసింది.

మన ఎన్నికల సభలకు ఈ కొలబద్ద పెట్టి చూడవచ్చు. "మీ ఖాతాలో వేస్తున్నాం, మీ ఇంటికే పంపిస్తున్నాం, మీ పిల్లల్ని మేమే చదివిస్తున్నాం." పథకాల మంచిచెడ్డలు వేరే చర్చ. వాక్యాలను చూడండి: ఇచ్చేది మేము, పుచ్చుకునేది మీరు, అంతా మీ కోసమే. "మీ చేత" అన్న ముక్క ఒక్కచోట వస్తుంది, ఈవీఎం మీట దగ్గర.